దెబ్బ తగిలిన తర్వాతి గంట

ఏప్రిల్ మొదటి వారం వచ్చిందంటే గంజాం తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక అంకె మళ్ళీ తిరుగుతుంది: ఇరవై మూడుకి సున్నా. 1942 ఏప్రిల్‌లో జపాన్ అడ్మిరల్ ఒజావా దండు బంగాళాఖాతంలోకి వచ్చి 23 వర్తక ఓడల్ని ముంచి, తనది ఒక్కటి కూడా పోగొట్టుకోకుండా వెళ్ళిపోయింది. వాటిలో కొన్ని ఒడిశా తీరం ముందే మునిగాయి. విశాఖ, కాకినాడల మీద బాంబులు పడింది కూడా ఆ దాడిలోనే, 6వ తేదీన. ఈసారి గోపాలపురం లైట్‌హౌస్ దగ్గర టీకొట్టు బల్ల మీద, నేవీ అగ్నివీర్ పరీక్షకి చదువుతున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆ అంకె పట్టుకునే వాదించుకున్నారు.

"ఇరవై మూడు ముంచి, తమది ఒక్కటీ పోకుండా ఎలిపోనారంటే అంతకన్నా గొప్ప నేవీ ఇంకేటుంటాది బావా?" అన్నాడొకడు.

"మరి రెండేళ్ళు తిరిగేసరికి ఆ ఓడల్లో ఎన్ని మిగిలాయో సూడు" అన్నాడు రెండోవాడు.

"అది అమెరికావోడి డబ్బు మహిమ. ఓడ తప్పు కాదు."

రెండోవాడి దగ్గర దానికి జవాబు లేకపోయింది. ఆ జవాబు కోసమే ఇదంతా రాయడం. రెండు నౌకాదళాల్లో ఏది మెరుగో తేల్చడానికి ముంచిన ఓడల లెక్క చాలదు, ఫిరంగుల లెక్క అంతకన్నా చాలదు. దెబ్బ తగిలిన తర్వాతి గంటలో ఆ ఓడ లోపల ఏం జరిగిందో చూడాలి. ఓడ కట్టినవాడి ఆలోచన, నావికుల తర్ఫీదు, పై అధికారుల ముందుచూపు, మూడూ బయటపడేది అక్కడే.

ఆ అంకెలో ఏముంది

ముందు ఇరవై మూడు సంగతి. ఒజావా వెంట ఉన్నవి చిన్న విమానవాహక నౌక ర్యూజో, భారీ క్రూజర్లు (పెద్ద ఫిరంగులున్న వేగపు యుద్ధనౌకలు) చోకాయ్, మొగామి, మికుమా, సుజుయా, కుమనో, తేలికపాటి క్రూజర్ యురా, కొన్ని డెస్ట్రాయర్లు. మూడు జట్లుగా విడిపోయి తీరం పొడవునా గాలించాయి. ఎదురుపడినవి కాపలా లేకుండా పోతున్న సరుకు ఓడలు. మొత్తం లక్షా పన్నెండు వేల టన్నుల పైచిలుకు ఓడలు పోయాయి. కలకత్తా, మద్రాసుల మధ్య ఓడల రాకపోకలు ఆగిపోయాయి. దాడిగా అది పూర్తి విజయమే, అందులో అనుమానం లేదు.

కాని మొగామి తరగతి క్రూజర్ ఎంత మంచిదో అది చెప్పదు. పది 203 మి.మీ. ఫిరంగులున్న ఓడ, ఎదురు తిరగలేని స్టీమరుని ముంచడానికి మంచి డిజైన్ అక్కర్లేదు. అదే పని జర్మన్లు సరుకు ఓడకి ఫిరంగులు బిగించి చేశారు.

బ్రిటిష్ వైపు పోయిన క్రూజర్లు రెండు: డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్. ఏప్రిల్ 5న జపాన్ పెద్ద విమానవాహక దళాన్ని నడిపిన అడ్మిరల్ నగుమో ఓడల నుంచి లేచిన 53 డైవ్ బాంబర్లు (పైనుంచి నిలువుగా దూకి బాంబు వేసే విమానాలు) ఇరవై నిమిషాల లోపే ఆ రెంటినీ ముంచేశాయి. 424 మంది చనిపోయారు, 1,122 మంది నీళ్ళలో గంటల తరబడి తేలి బతికారు. వాటి పాత రికార్డు చూస్తే రెండూ గెలిచిన ఓడలే. 1941 మే 27న జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ మీదికి ఆఖరి టార్పెడోలు వదిలింది డోర్సెట్‌షైర్. అదే నెల 8న పింగ్విన్ అనే జర్మన్ దాడి ఓడని ఇదే హిందూ మహాసముద్రంలో ముంచింది కార్న్‌వాల్. ఏడాది తిరక్కుండా రెండూ ఒకే మధ్యాహ్నం పోయాయి. ఈ మధ్యలో వాటి డిజైన్ మారలేదు, ఎదురొచ్చినవాడు మారాడు. యుద్ధ రికార్డు అనేది సగం ఎదుటివాడి గురించి చెప్పే కాగితం. దాన్ని పూర్తిగా ఓడ ఖాతాలో రాసేస్తే లెక్క తప్పుతుంది.

కాగితం మీద మొగామి

పక్కపక్కన పెడితే మొగామిదే పైచేయి. డోర్సెట్‌షైర్‌కి ఎనిమిది 203 మి.మీ. ఫిరంగులు, మొగామికి పది. డోర్సెట్‌షైర్ వేగం దాదాపు 32 నాట్లు (నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు), మొగామిది 35. డోర్సెట్‌షైర్ పక్కగోడలు మందుగుండు గదుల దగ్గర తప్ప అంగుళం మందమే. ఇక టార్పెడోల దగ్గరైతే పోలికే లేదు. జపాన్ 93వ రకం టార్పెడో 61 సెం.మీ. లావు, తొమ్మిది మీటర్ల పొడవు, 2.7 టన్నుల బరువు. గాలికి బదులు శుద్ధమైన ఆక్సిజన్‌తో నడుస్తుంది. ముక్కులో 490 కిలోల పేలుడు పదార్థం. 36 నాట్ల వేగంతో పెడితే 40 కిలోమీటర్లు పోతుంది. అంత దూరం పోయే టార్పెడో అప్పట్లో ఇంకెవరి దగ్గరా లేదు. మొగామిలో వాటికి పన్నెండు గొట్టాలు, ఆ పక్కనే మళ్ళీ నింపుకోడానికి అదనపు టార్పెడోలు.

మరి బ్రిటిష్ వాళ్ళు అంత పల్చటి గోడలతో ఎందుకు కట్టుకున్నారు? వాళ్ళకి కావలసింది వేరు. సింగపూర్ నుంచి జమైకా దాకా వర్తక మార్గాలు కాయాలి, వారాల తరబడి సముద్రంలోనే ఉండాలి, ఏ వాతావరణంలోనైనా నడవాలి. అందుకని ఎత్తైన పక్కలు, పెద్ద ఇంధన ట్యాంకులు, మనుషులు ఉండడానికి చోటు. జపాన్‌కి కావలసింది తన సముద్రంలోకి వచ్చే అమెరికా దళాన్ని ఒకే పెద్ద పోరులో విరగ్గొట్టడం. 1922 వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకల్లో జపాన్ వాటాని అయిదుకి మూడు దగ్గర ఆపింది, 1930 లండన్ ఒప్పందం క్రూజర్లకీ హద్దులు పెట్టింది. సంఖ్యలో తక్కువైతే ఒక్కో ఓడలో ఎక్కువ కుక్కాలనుకున్నారు. మొగామిని 8,500 టన్నుల ఓడగా ప్రకటించి, మొదట పదిహేను 155 మి.మీ. ఫిరంగులు ఎక్కించారు.

ఆ కుక్కుడు ఫలితం యుద్ధానికి ముందే కనిపించింది. 1934 మార్చిలో తోమొజురు అనే కొత్త టార్పెడో పడవ తుఫాను గాలికి బోర్లా పడింది. పైన ఆయుధాల బరువు ఎక్కువ, కింద అడుగు చాలలేదు. 1935లో మొగామి ట్రయల్స్‌కి వెళ్తే వెల్డింగు చేసిన పలకలు పగిలాయి, ఒళ్ళు వంకరపోయి ఫిరంగుల గోపురాలు తిరగకుండా బిగుసుకున్నాయి. అదే సెప్టెంబరులో టైఫూన్‌లో చిక్కుకున్న దళంలో రెండు డెస్ట్రాయర్ల ముక్కులు తెగిపోయాయి. వాటిలో ఒకటైన యూగిరి ఏడేళ్ళ తర్వాత ఒజావా దండుతో మన బంగాళాఖాతానికి వచ్చింది. జపాన్ ఇంజనీర్లు ఈ తప్పుల్ని దాచుకుని కూర్చోలేదు, అది ఒప్పుకోవాలి. మొగామి తరగతి ఓడలన్నిటికీ పక్కల ఉబ్బెత్తు కవచాలు కట్టి, అతుకులు గట్టిచేసి, పైబరువు తగ్గించారు. ఫిరంగులు 203 మి.మీ.వి చేసింది ఆ తర్వాతే. అంటే సముద్రం కొట్టిన దెబ్బ నుంచి నేర్చుకున్నారు. శత్రువు కొట్టే దెబ్బ గురించి అంత లోతుగా ఆలోచించలేదు.

ఓడ కట్టడంలో ఏది మంచిదన్న ప్రశ్నకి గోపాలపురం, సోనాపురం రేవుల్లో పాత జవాబొకటి ఉంది. ఇక్కడి వాడబలిజలకి ఒకప్పుడు రెండు రకాల వాహనాలు. తెప్ప అంటే తేలిక కర్ర దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించినది. దుంగల సందుల్లోంచి నీళ్ళు వచ్చి పోతుంటాయి, మునగడానికి దానికి కడుపే లేదు. రెండోది కుట్టు పడవ. పలకల అంచుల వెంట బెజ్జాలు వేసి, సందులో గడ్డి పెట్టి, కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. ఒక్క మేకు ఉండదు, లోపల అడ్డ ఆధారాలు ఉండవు. లంగరు వేసిన స్టీమరు నుంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చింది ఇదే. కెరటం దాన్ని ఎత్తి ఇసక మీద కొట్టినప్పుడు పడవ ఒళ్ళంతా వంగి దెబ్బ మింగేస్తుంది. మేకులతో బిగించిన గట్టి పడవ అదే దెబ్బకి పగులుతుంది. కుట్టు పడవలోకి నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, అందుకని తెడ్లు వేసేవాళ్ళు కాక నీరు తోడడానికే ఒక మనిషి. ఆ మనిషిని దించేసి ఇంకో బస్తా ఎక్కిస్తే కాగితం మీద పడవ మెరుగవుతుంది, కెరటాల మధ్యకి వెళ్ళేసరికి మునుగుతుంది. నీరు తోడే మనిషి ఆ పడవ డిజైన్‌లో భాగం. క్రూజర్ అయినా విమానవాహక నౌక అయినా అడగాల్సింది అదే: నీరు తోడే మనిషికి చోటు ఉంచారా?

అక్కచెల్లెళ్ళు రెండు, బాంబులు ఒకటే

ఈ ప్రశ్నకి మొగామి, మికుమాల కంటే మంచి పరీక్ష నాకు దొరకలేదు. ఒకే తరగతి, ఒకే నక్ష, ఒకే ఆయుధాలు. ఏప్రిల్ 6న రెండూ ఒకే జట్టులో బంగాళాఖాతంలో వేటాడాయి. సరిగ్గా రెండు నెలలకి, జూన్ 6న, రెంటి మీదా ఒకే విమానాలు బాంబులు వేశాయి.

జూన్ 5 తెల్లవారకముందే, జపాన్, అమెరికా దళాలు తలపడిన పసిఫిక్ దీవి మిడ్వే దగ్గర, అమెరికా జలాంతర్గామి ఒకటి కనపడడంతో నాలుగు క్రూజర్లూ వరుసలో ఉండగానే అత్యవసరంగా మలుపు తిప్పాయి. చీకట్లో లెక్క తప్పి మొగామి ముక్కు మికుమా పక్కలో దిగింది. మొగామి ముక్కు మొత్తం నలిగి పక్కకి తిరిగిపోయింది, వేగం 12 నాట్లకి పడిపోయింది. మికుమాకి పెద్ద దెబ్బ కాదు, చమురు కారుతోంది అంతే. ఆ క్షణాన ఎవర్ని అడిగినా మొగామి పోతుంది, మికుమా బతుకుతుంది అనే అంటారు.

మొగామిలో డ్యామేజ్ కంట్రోల్, అంటే దెబ్బ తిన్న ఓడని నిలబెట్టే పని, చూసే అధికారి ఒక నిర్ణయం తీసుకున్నాడు. తెల్లవారితే విమానాలు వస్తాయి, ఈ ఓడ పరిగెత్తలేదు, డెక్ మీద ఆక్సిజన్ టార్పెడోలు ఉంటే ఒక్క బాంబుకి అన్నీ పేలతాయి. అందుకని టార్పెడోలన్నీ సముద్రంలోకి వదిలేయించాడు. మాటల్లో చెప్పినంత తేలిక కాదు ఇది. ఆ టార్పెడో జపాన్ నౌకాదళపు అతి పెద్ద రహస్యం, అతి పెద్ద గర్వం. రాత్రి పోరులో ఓడకి అదే ప్రాణం. అలాంటిదాన్ని శత్రువు కంటపడక ముందే పారేయమనడానికి గుండె కావాలి, పారేయనిచ్చిన కెప్టెన్‌కీ కావాలి.

మికుమా పారేయలేదు. ఆరో తేదీన అమెరికా విమానవాహక నౌకలు ఎంటర్‌ప్రైజ్, హార్నెట్‌ల విమానాలు వచ్చాయి. రెండు ఓడలకీ అయిదేసి బాంబుల దాకా తగిలాయి. మికుమా మీద మంట టార్పెడోల దాకా పాకింది, అవి పేలి ఓడ నడుమ భాగమంతా ఇనప చెత్తగా మారింది. అక్కడ తీసిన ఫోటో ఇప్పటికీ ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆరు వందల మంది పైనే పోయారు. మొగామిలో వందలోపు చనిపోయారు. నలిగిన ముక్కుతోనే అది ట్రుక్ దీవికి చేరింది, మరమ్మతు చేసి మళ్ళీ యుద్ధానికి పంపారు.

కుర్రాడు "ఓడ తప్పు కాదు" అన్నాడే, అక్కడ సగం నిజముంది. ఓడ ఒకటే అయినప్పుడు తేడా మనిషిది. రెండో సగం ఆ ఓడల ఆఖరు చూస్తే తెలుస్తుంది. 1944 అక్టోబరు 25న సుజుయాకి బాంబు తగలనే లేదు, పక్కన నీళ్ళలో పడింది. ఆ అదురుకే కుడివైపు గొట్టాల్లోని టార్పెడోలు పేలి, మంట ఒకదాన్నుంచి ఒకదానికి పాకి ఓడ పోయింది. అదే తెల్లవారుజామున ఫిలిప్పీన్స్‌లోని సురిగావ్ జలసంధిలో మొగామి గుళ్ళ దెబ్బలు తిని కాలుతుంటే దాని టార్పెడోలు కూడా కొన్ని పేలాయి. రెండేళ్ళ కిందట ఒక అధికారి ఆ పాఠం చేసి చూపించాడు. అది అతని ఓడ దాటి పోలేదు. టార్పెడోల చుట్టూ గట్టి కవచం లేదు, ఎప్పుడు పారేయాలో అన్ని ఓడలకీ ఒకే నియమం ఉన్నట్టు కనపడదు. మంచి నిర్ణయం ఒక మనిషి దగ్గర ఆగిపోతే అది నౌకాదళపు బలం కాదు.

ఏప్రిల్‌లో మన ముందుకి వచ్చిన ఏడు పెద్ద ఓడల్లో ఆఖరిదైన కుమనో 1944 నవంబరు 25న మునిగింది. ఏడూ పోయాయి.

అయితే ఒక జాగ్రత్త. చోకాయ్ కూడా ఇలాగే, చిన్న గుండు తగిలి సొంత టార్పెడోలు పేలి పోయిందని డెబ్భై అయిదేళ్ళు అందరూ రాశారు. 2019లో సముద్రం అడుగున దాని శిథిలం దొరికింది. టార్పెడోలు గొట్టాల్లో భద్రంగా ఉన్నాయి. ఒక సిద్ధాంతం బాగా నచ్చితే ప్రతి మునకా దానికి సాక్ష్యంలాగే కనిపిస్తుంది. నా వాదనకీ ఆ ప్రమాదం ఉంది.

టార్పెడో లేకుండా బాగుండేదా

ఇంకా పెద్ద అభ్యంతరం ఒకటుంది. ఆ టార్పెడోలే లేకపోతే జపాన్ క్రూజర్లు గెలిచిన రాత్రులు కూడా ఉండేవి కావు. జావా సముద్రంలో డచ్చి క్రూజర్లు డె రూయ్‌టర్, జావా పోయింది వాటితోనే. 1942 ఆగస్టు 9 తెల్లవారకముందే జరిగిన పోరులో, చోకాయ్ ముందు నడవగా, సోలమన్ దీవుల్లోని సావో దగ్గర నాలుగు మిత్రపక్ష భారీ క్రూజర్లు పోయాయి. అమెరికా వాళ్ళు తమ భారీ క్రూజర్ల నుంచి టార్పెడో గొట్టాల్ని యుద్ధానికి ముందే తీసేశారు. మొదటి ఏడాది చూసినవాళ్ళకి అది పిచ్చి పనిలా కనిపించి ఉంటుంది.

కాబట్టి "టార్పెడో పెట్టడం తప్పు" అనడం లేదు. దానితోపాటు ధర కూడా లెక్కలో రాసుకోవాలి. మొగామే ఆ ధర ముందుగా ఒకసారి కట్టింది. సుండా జలసంధిలో అది వదిలిన టార్పెడోలు శత్రువుని దాటి పోయి, అవతల లంగరు వేసి ఉన్న జపాన్ సైన్యపు రవాణా ఓడలకే తగిలాయి. సేనాధిపతి ఇమామురా ఉన్న ఓడ కూడా వాటిలో ఉంది. నలభై కిలోమీటర్లు పోయే ఆయుధం గురి తప్పితే మిగతా దూరమంతా ఎవరో ఒకరి మీదికి పోతూనే ఉంటుంది.

అయిదో తేదీ హెచ్చరిక, తొమ్మిదో తేదీ హెచ్చరిక

విమానవాహక నౌకల సంగతి అందరూ మిడ్వే నుంచి మొదలుపెడతారు. శ్రీలంక తీరం నుంచి మొదలుపెట్టాలి.

ఏప్రిల్ 5న కొలంబో మీద మొదటి దాడి అయ్యాక, ఓడల మీదికి సిద్ధంగా ఉంచిన విమానాలకి టార్పెడోలు తీసి నేల బాంబులు బిగించమని నగుమో ఆజ్ఞ ఇచ్చాడు. అంతలో బ్రిటిష్ క్రూజర్లు కనపడ్డాయన్న కబురు. మళ్ళీ టార్పెడోలు బిగించమన్నాడు. ఒక్కో టార్పెడో ఎనిమిది వందల కిలోల పైమాట. బాంబు పట్టే కొక్కెం వేరు, టార్పెడో పట్టేది వేరు, విమానం కింద పడుకుని దాన్ని విప్పి మార్చాలి. మోసే తోపుడు బండ్లు అన్ని విమానాలకీ ఒకేసారి సరిపోవు. గంటన్నర, రెండు గంటల పని. టార్పెడో విమానాలు తెమలక ముందే డైవ్ బాంబర్లు వెళ్ళి పని ముగించాయి కాబట్టి ఆ గందరగోళం ఎవరికీ తప్పుగా కనపడలేదు.

ఏప్రిల్ 9న తొమ్మిది బ్రిటిష్ బ్లెన్‌హీమ్ బాంబర్లు ఎవరి కంటా పడకుండా నగుమో దళం నెత్తి మీదికి వచ్చాయి. జపాన్ ఓడల్లో రాడార్ లేదు. నగుమో ఉన్న విమానవాహక నౌక అకాగి చుట్టూ నీళ్ళు లేచాకే బాంబులు పడ్డాయని తెలిసింది. ఒక్కటీ తగల్లేదు. తిరిగి వెళ్ళేలోగా తొమ్మిదింట్లో అయిదు బ్లెన్‌హీమ్‌లు కూలిపోయాయి. లెక్కల పుస్తకంలో అది బ్రిటిష్ ఓటమి.

యాభై ఆరు రోజుల తర్వాత, జూన్ 4న, ఆ రెండు తేదీలూ ఒకే ఉదయంలో కలిశాయి. ఆయుధాలు మార్చమన్న ఆజ్ఞ, మళ్ళీ ఆపమన్న ఆజ్ఞ, నెత్తి మీదికి వచ్చేదాకా కనపడని డైవ్ బాంబర్లు. హ్యాంగర్‌లో, అంటే డెక్ కింద విమానాలు నిలిపే చోట, విమానాలు పెట్రోలుతో, టార్పెడోలతో నిండి ఉన్నాయి. తీసిన బాంబులు కింద గదికి దించే తీరిక లేక అక్కడే వదిలేశారు. అకాగికి నేరుగా తగిలిన బాంబు ఒక్కటే, ఓడ మొత్తం కాలిపోయింది.

జపాన్ హ్యాంగర్లు నాలుగు పక్కలా మూసిన గదులు. లోపల పేలితే ఆ ఒత్తిడి బయటికి పోదు, పెట్రోలు ఆవిరీ పోదు. అమెరికా హ్యాంగర్లకి పక్కల తలుపులు. తెరిస్తే గాలి ఆడుతుంది, మండే వస్తువుని సముద్రంలోకి తోసేయొచ్చు. డిజైన్ తేడా ఉన్న మాట నిజమే. కాని అదొక్కటే కారణమైతే అలాంటి మూసిన హ్యాంగరున్న జపాన్ నౌక షోకాకు మే 8న కోరల్ సముద్రంలో మూడు బాంబులు తిని ఎలా బతికింది? విమానాలు చాలావరకు దాడికి వెళ్ళి ఉన్నాయి, అంటుకునేది తక్కువ. కాబట్టి గోడలు ఎలా కట్టారన్న దాంతో సమానంగా, ఆ గంటలో గోడల మధ్య ఏముందన్నదీ చూడాలి.

అమెరికా వాళ్ళు పుట్టుకతో నేర్పరులేం కాదు. ఆ మే 8నే వాళ్ళ విమానవాహక నౌక లెక్సింగ్టన్ దెబ్బలు తట్టుకుని విమానాల్ని దించుకుంటూ ఉండగా, లోపల కారిన పెట్రోలు ఆవిరి అంటుకుని పోయింది. ఇల్లు కాలాక బావి తవ్విన సామెతే, కాకపోతే వీళ్ళు పక్కింటికైనా అక్కరకొచ్చేలా తవ్వారు. 27 రోజుల తర్వాత మిడ్వేలో, యార్క్‌టౌన్ అనే ఇంకో విమానవాహక నౌక మీద దాడి మొదలవకముందే పెట్రోలు గొట్టాలు ఖాళీ చేసి వాటి నిండా కార్బన్ డయాక్సైడ్ నింపారు. మూడు బాంబులు తగిలాయి, బాయిలర్లు ఆరిపోయి ఓడ ఆగిపోయింది. రెండు గంటల్లో డెక్‌కి అతుకులు వేసి, బాయిలర్లు వెలిగించి దాదాపు 20 నాట్లు నడిపించారు. రెండో దాడికి వచ్చిన జపాన్ పైలట్లు అది ఇంకో ఓడ, దెబ్బ తినని ఓడ అనుకుని టార్పెడోలు వేశారు.

కవచం కొంటే సరిపోతుందా

బ్రిటిష్ వాళ్ళది ఇంకో దారి. ఇల్లస్ట్రియస్ అనే విమానవాహక నౌక డెక్‌కి 76 మి.మీ. ఉక్కు కప్పారు. బదులుగా పట్టే విమానాలు 36కి తగ్గాయి, జపాన్ షోకాకు 72 పెట్టుకుని తిరిగేది. 1941 జనవరి 10న మధ్యధరాలో ఆరు బాంబులు తగిలినా ఇల్లస్ట్రియస్ మాల్టా చేరింది. ఒడ్డు మీది బాంబర్లకి దగ్గరగా, ఇరుకు సముద్రాల్లో పోరాడేవాళ్ళకి అది సరైన బేరం. పసిఫిక్‌లో అయితే ఆ పోగొట్టుకున్న విమానాలే ఎక్కువ బాధించేవి.

మిడ్వే తర్వాత జపాన్ కవచపు డెక్‌తో తైహో అనే నౌకని దళంలోకి తెచ్చింది. 1944 మార్చిలో చేరింది. జూన్ 19న ఒకే ఒక టార్పెడో తగిలింది. వేగం పెద్దగా తగ్గలేదు. పెట్రోలు ట్యాంకులు చీలి ముందువైపు లిఫ్టు గుంటలో ఆవిరి చేరింది. దాన్ని బయటికి పంపాలని గాలి గొట్టాలన్నీ తెరిచారు. ఆవిరి బయటికి పోకుండా ఓడ మూలమూలకీ పాకింది. ఆరు గంటలు దాటాక ఒక్క నిప్పురవ్వతో పేలిపోయింది. లెక్సింగ్టన్ కథే, రెండేళ్ళు ఆలస్యంగా, కొత్త ఓడలో. ఆరు గంటల సమయం దొరికింది, ఉక్కు ఉంది, నీరు తోడే మనిషికి ఏం చేయాలో తెలియలేదు.

గంట దొరకని ఓడలు

ఈ కొలబద్ద పనిచేయని చోట్లు ఉన్నాయి. 1942 ఏప్రిల్ 9న శ్రీలంకలోని బట్టికలోవా దగ్గర చిక్కిన బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్‌కి ఆ గంట దొరకలేదు. డెక్ మీద ఒక్క విమానం లేదు, పైన డజన్ల కొద్దీ డైవ్ బాంబర్లు. నిమిషాల్లో 307 మందితో పోయింది. 1971 డిసెంబరు 9న పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడో తగిలిన మన ఖుక్రీ కూడా అంతే, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కలిపి 194 మంది. అలాంటి ఓడల విషయంలో దెబ్బ తర్వాత ఏం చేశారని అడగడం అన్యాయం. దెబ్బకి ముందే, ఆ ఓడని ఆ చోటికి ఏ రక్షణతో పంపారని అడగాలి. ఆ లెక్కలో బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్‌కి మంచి మార్కులే వేయాలి. నెమ్మది నడకల పాత యుద్ధనౌకల్ని పగటిపూట నగుమో ముందు పెట్టకుండా తప్పించాడు. రాడార్ ఉన్న ఆల్బకోర్ విమానాలతో రాత్రి కొట్టాలని వెతికాడు, దొరకలేదు. "పారిపోయాడు" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది, నేను ఒప్పుకోను.

క్షిపణుల కాలంలో ఇదంతా పాత ముచ్చట అనేవాళ్ళకి మూడు ఓడలు చాలు. 1982 మే 4న ఎక్సోసెట్ క్షిపణి తగిలిన బ్రిటిష్ ఓడ షెఫీల్డ్‌లో మంటలార్పే నీటి గొట్టం మొదట్లోనే తెగింది, ఆరు రోజులకి లాక్కెళ్తుండగా మునిగింది. 1987 మే 17న అమెరికా ఓడ స్టార్క్‌కి అవే క్షిపణులు రెండు తగిలి 37 మంది పోయారు. ఓడ మాత్రం బహ్రెయిన్ చేరింది. 2022 ఏప్రిల్ 14న మునిగిన రష్యా క్రూజర్ మాస్క్వాకి డెక్ పక్కల పదహారు పెద్ద క్షిపణి గొట్టాలు. తన రెండు నెప్ట్యూన్ క్షిపణులు తగిలాయని ఉక్రెయిన్ అంటుంది, మంట లేచి మందుగుండు పేలిందని రష్యా అంటుంది. ఎవరి మాట తీసుకున్నా ఓడని తినేసింది తర్వాత వచ్చిన మంటే.

అందుకని చిలికా పక్కన ఐఎన్ఎస్ చిల్కాలో చేరబోయే కుర్రాళ్ళు కొత్త ఓడ వివరాలు చూసేటప్పుడు క్షిపణుల సంఖ్య దగ్గర ఆగిపోవద్దు. మంటలార్పే పంపులు ఎన్ని, అవన్నీ ఒకే గదిలో ఉన్నాయా, ముందూ వెనకా విడివిడిగా ఉన్నాయా? కరెంటు పోతే నడిచే డీజిల్ పంపు ఉందా? నీటి గొట్టం ఒకచోట తెగితే ఆ ముక్కని మూసి మిగతాది నడిపే వాల్వు ఎక్కడుంది, చీకట్లో, పొగలో, వంటవాడు కూడా దాన్ని చేత్తో తడిమి పట్టుకోగలడా?

ఇరవై మూడుకి సున్నా అన్న కుర్రాడికి చెప్పాల్సిన ఓడ ఇంకొకటి మిగిలింది. 1942 నవంబరు 30 రాత్రి సోలమన్ దీవుల్లో తస్సాఫరొంగా దగ్గర అమెరికా క్రూజర్ న్యూ ఆర్లీన్స్‌కి అదే 93వ రకం టార్పెడో తగిలి, ముందు మందుగుండు గది పేలింది. నలభై అయిదు మీటర్ల ముక్కు, అంటే ఓడ పొడవులో నాలుగో వంతు, మొదటి ఫిరంగి గోపురంతో సహా తెగిపోయి ఓడ పక్కకే రాసుకుంటూ పోయింది. 180 మందికి పైగా పోయారు. గదుల గోడలకి దుంగలు ఆనించి, నీరు తోడుతూ, నడకంత వేగంతో తులాగి దీవి చేరారు. చుట్టూ చెట్ల కొమ్మలు కప్పి విమానాల కంట పడకుండా దాచారు. ఒడ్డున దొరికింది కొబ్బరిచెట్లు. వాటిని నరికి, ఆ దుంగలతో తెగిన చోట అడ్డుగోడ కట్టారు. కొత్త గోడ మీద నీటి ఒత్తిడి పడకుండా ఓడని వెనక్కి నడుపుకుంటూ సముద్రంలోకి దిగి, డిసెంబరు 24న సిడ్నీ రేవులో లంగరు వేశారు.